వేడి చెరిపేసిన పేరు

అతినీలలోహిత కాంతి సూక్ష్మక్రిములను ఎలా చంపుతుంది? ఇంటర్ చదివే పిల్లవాణ్ణి అడిగినా, ఎమ్మెస్సీ పూర్తిచేసిన అమ్మాయిని అడిగినా వచ్చే జవాబు ఒక్కటే: థైమిన్ డైమర్ల వల్ల, అంటే డీఎన్ఏలో పక్కపక్కనున్న థైమిన్లు జంట కట్టడం వల్ల. జవాబు తప్పు కాదు. కానీ మన వంటింటి గోడకు వేలాడే నీళ్ళ ఫిల్టర్‌లో యూవీ దీపం ఆపవలసిన వాటిలో హెపటైటిస్ ఏ వైరస్ ఉంది, హెపటైటిస్ ఈ ఉంది, పోలియో వైరస్ ఉంది. కలుషితమైన నీళ్ళు తాగి పచ్చకామెర్లు తెచ్చుకునే వాళ్ళలో చాలామంది మొదటి రెండింటి వాత పడ్డవాళ్ళే. ఈ మూడింటిలోనూ ఉన్నది డీఎన్ఏ కాదు, ఆర్ఎన్ఏ. ఆర్ఎన్ఏలో థైమిన్ ఉండదు, ఆ స్థానంలో యురాసిల్ ఉంటుంది. మరి లేని థైమిన్ జంట కట్టి ఆ వైరస్‌ను ఎలా చంపింది? ఒక్క విద్యార్థి లేచి ఈ ప్రశ్న అడిగితే మన పాఠ్యపుస్తకాల దగ్గర జవాబు లేదు.

ఆ జవాబులో పెద్ద భాగం 1949 నుంచీ లోకం ముందు ఉంది. ఆ ఏడాది రాబర్ట్ సిన్‌షైమర్, హేస్టింగ్స్ అనే ఇద్దరు ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. యురాసిల్, దానికి చక్కెర చేరిన యురిడిన్ ద్రావణాల మీద అతినీలలోహిత కాంతి పడితే అవి మారిపోతున్నాయనీ, ఆ మార్పును మళ్ళీ వెనక్కి తిప్పవచ్చనీ అందులో చూపించారు. అప్పటికి డబుల్ హెలిక్స్ సంగతి ఎవరికీ తెలియదు, అది రావడానికి ఇంకా నాలుగేళ్ళుంది. ఆ మారిన పదార్థం ఏమిటో 1950లలో మూర్, వాంగ్ వంటి రసాయన శాస్త్రవేత్తలు తేల్చారు. యురాసిల్‌కు ఒక నీటి అణువు వచ్చి చేరింది, అంతే. దాని పేరు ఫోటోహైడ్రేట్. థైమిన్ డైమర్‌ను నెదర్లాండ్స్‌లో బ్యూకర్స్, బెరెండ్స్ బయటపెట్టింది 1960లో. అంటే కాంతి వల్ల న్యూక్లిక్ ఆమ్లాల క్షారాలకు జరిగే మార్పుల్లో ఫోటోహైడ్రేట్ పదకొండేళ్ళు పెద్దది. అయినా ఇవాళ దాని పేరు చెబితే కెమిస్ట్రీ లెక్చరర్లు కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. నా బాధ అదే.

దాని పనితీరు చూడండి, ఎంత ముచ్చటగా ఉంటుందో. యురాసిల్ ఆరు మూలల వలయం. అందులో 5, 6 స్థానాల కార్బన్ల మధ్య ఒక ద్విబంధం ఉంటుంది. ఆ ద్విబంధం పక్కనున్న కార్బొనైల్‌తో, నైట్రోజన్లతో ఎలక్ట్రాన్లను పంచుకుంటూ వలయాన్ని చదునుగా నిలబెడుతుంది. ఆ పంపకం వల్లనే యురాసిల్ 260 నానోమీటర్ల దగ్గర కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. మామూలు నీళ్ళలో చీకట్లో పెట్టి ఉంచితే ఆ ద్విబంధం జోలికి నీరు పోదు. చుట్టూ నీళ్ళే, అయినా అంటదు. ఇప్పుడు 254 నానోమీటర్ల కాంతి పడిందనుకోండి. అది మోల్‌కు సుమారు 471 కిలోజౌళ్ళ శక్తి. ఆ శక్తి అందుకున్న అణువుల్లో అత్యధికం ఒక పికోసెకను గడిచేలోగానే దాన్ని వేడిగా చుట్టూ ఉన్న నీళ్ళలోకి వదిలేసి ఏమీ ఎరగనట్టు పాత స్థితికి వచ్చేస్తాయి. యురిడిన్ పీల్చుకున్న ప్రతి వంద ఫోటాన్లలో సుమారు రెండు మాత్రమే ఫలిస్తాయి. ఆ రెండు సందర్భాల్లో నీరు వచ్చి పట్టుకుంటుంది. హైడ్రోజన్ 5వ కార్బన్ మీద, హైడ్రాక్సిల్ 6వ కార్బన్ మీద కూర్చుంటాయి. ద్విబంధం పోతుంది, చదునుగా ఉన్న వలయం వంగుతుంది, 260 దగ్గర పీల్చుకునే గుణం మాయమవుతుంది.

ఇప్పుడు ఆ ఫోటోహైడ్రేట్‌ను వేడి చేయండి. లేదా కాస్త ఆమ్లం తగిలించండి. ఆ నీరు ఊడివస్తుంది, ద్విబంధం మళ్ళీ ఏర్పడుతుంది, యురాసిల్ యథాతథంగా తిరిగొస్తుంది. వెలుగు నీటిని కలుపుతుంది, వేడి అదే నీటిని విడదీస్తుంది. ఇంత తేటగా రెండు శక్తులూ ఎదురెదురు దిక్కుల్లో పనిచేసే ఉదాహరణ మన సిలబస్‌లో ఇంకొకటి ఉంటే చూపించమనండి.

యురాసిల్ ఒక్కటే కాదు. ఆరోమాటిక్ వలయాలకు నీరు కలవదని మనం పిల్లలకు నూరిపోస్తాం కదా, ఆ బెంజీన్ సంగతే తీసుకోండి. 1960లలో విల్జ్‌బాక్, కప్లాన్ బృందం ఆమ్లం కలిపిన నీళ్ళలో బెంజీన్ మీద అతినీలలోహిత కాంతి పంపితే రెండు వలయాలు అంటుకున్న ఒక ఆల్కహాల్ వచ్చింది. కాంతి ముందు బెంజీన్‌ను బెంజ్‌వాలీన్ అనే ఇరుకైన పంజరంలాంటి అణువుగా మడిచింది, ఆ ఒత్తిడి భరించలేని పంజరం నీటిని పట్టుకుని తెరుచుకుంది. పిరిడిన్‌దీ దాదాపు అదే కథ. కాంతి దాన్ని డ్యూవార్ పిరిడిన్‌గా మారుస్తుంది. మామూలు గది ఉష్ణోగ్రతలో దాని ఆయుష్షు నిమిషాల్లోనే. ఈలోగా నీరు తగిలితే వలయమే తెగి పసుపుపచ్చని ఆల్డిహైడ్ అవుతుంది. ఈ రెండింటిలో కాంతి చేసేది సగం పనే. మిగతా సగం దీపం ఆర్పేశాక, గదిలోని వేడితోనే, చీకట్లోనే పూర్తవుతుంది. ఆరోమాటిసిటీ పాఠం చెప్పేటప్పుడు ఈ మాట ఒక్కసారి అంటే ఆ పాఠం ఇక మరపుకు రాదు. మనం అనం.

యురిడిన్ ప్రయోగం మాత్రం డిగ్రీ కాలేజీలో కూడా చేయవచ్చు. లీటరు నీటికి 24 మిల్లీగ్రాముల యురిడిన్ కలిపితే 262 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్ సుమారు 1 అని చూపుతుంది. క్యువెట్ తప్పనిసరిగా క్వార్ట్జ్‌ది కావాలి, మామూలు గాజు 254ను లోపలికి రానివ్వదు. క్రిములను చంపే పాదరసపు దీపం ఒక మూత ఉన్న పెట్టెలో బిగించి, కళ్ళకు అద్దాలు, చేతులకు గ్లవ్స్ తొడిగి, క్యువెట్‌ను దాని ముందు పెట్టాలి. కొన్ని నిమిషాలకొకసారి తీసి రీడింగ్ చూస్తుంటే వక్రరేఖ ఉన్నచోటనే ఉంటూ ఎత్తు తగ్గుతూ వస్తుంది. పక్కన కొత్త శిఖరమేదీ లేవదు. కంటికి క్యువెట్‌లో మార్పేమీ కనిపించదు, ముందూ నీళ్ళే, తర్వాతా నీళ్ళే. రీడింగ్ బాగా పడిపోయాక రెండు చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి, వేడినీళ్ళ తొట్టిలో ఉంచి, చల్లారాక మళ్ళీ పెట్టి చూడండి. రేఖ లేస్తుంది, దాదాపు మొదట ఉన్నచోటికి. యురిడిన్ శోషణ ఆమ్లం వల్ల పెద్దగా మారదు కాబట్టి ఆ పెరుగుదల అంతా తిరిగొచ్చిన యురిడిన్‌దే. ఇంత పలుచని ద్రావణంలో అణువులు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి గనుక జంటలు కట్టడం చాలా తక్కువ, మార్పులో అధికభాగం నీటి పనే. డెబ్భై ఏళ్ళు దాటిన పరిశోధన ఫలితాన్ని పిల్లవాడు ఒక మధ్యాహ్నంలో తన చేత్తో తాను తేల్చుకుంటాడు.

ఇంత ఉండీ దీనికి పేరెందుకు రాలేదు? దాని విలువ తక్కువని ఎవరూ నిరూపించలేదు. దాన్ని వెతికిన పద్ధతే దాన్ని చెరిపేసింది. కాంతి పడిన కణాల్లోని డీఎన్ఏలో ఏం దెబ్బతిన్నదో చూడాలంటే 1960లలో ముందు ఆ డీఎన్ఏను ఫార్మిక్ ఆమ్లంలోనో ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లంలోనో వేసి, బాగా వేడిచేసి, ముక్కలు చేసి, తర్వాత క్రొమటోగ్రఫీకి పంపేవారు. థైమిన్ డైమర్ నాలుగు కార్బన్ల గట్టి వలయంతో కట్టుకున్నది, ఆ ఆమ్లానికీ ఆ వేడికీ చలించదు, చెక్కుచెదరకుండా కాగితం మీదికి వస్తుంది. ఫోటోహైడ్రేట్‌కు ఆమ్లమూ వేడీ రెండూ శత్రువులే. కాగితం చేరేలోగానే నీళ్ళు వదిలేసి మామూలు క్షారంగా మారిపోతుంది, అసలేమీ జరగనట్టే కనిపిస్తుంది. సాక్షిని మనమే ఉడికించేసి, సాక్ష్యం లేదు కాబట్టి నేరమే జరగలేదన్నట్టు తీర్పు చెప్పాం. ఆ తీర్పే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకంలోకి దిగింది.

ఇంకో సంగతీ డైమర్‌కు కలిసొచ్చింది. బ్యూకర్స్, బెరెండ్స్ థైమిన్ ద్రావణాన్ని గడ్డకట్టించి కాంతి చూపించారు. మంచు గడ్డకడుతుంటే థైమిన్ అణువులు ఒకచోటికి నెట్టుకొచ్చి ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి, డైమర్లు పుష్కలంగా వస్తాయి. ద్రవరూపంలో ఉన్న నీళ్ళలో ఆ ఫలితం అంత సులువుగా రాదు. పైగా థైమిన్‌కు 5వ స్థానంలో ఒక మిథైల్ గుంపు ఉంటుంది, దానికి నీరు చేరడం చాలా అరుదు. డీఎన్ఏ మీదే అందరి చూపు నిలిచిన కాలంలో థైమిన్‌కు నీరు అంటకపోవడం ఫోటోహైడ్రేట్‌కు శాపమైంది.

రెండు పేటల డీఎన్ఏలో లెక్క పెడితే డైమర్లే ఎక్కువ. ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ల విషయంలో వాటి పాత్ర గట్టిది, దాన్ని నేను కాదనను. డైమర్ గొప్పదనాన్ని తగ్గించమని నేను అడగడం లేదు. ఒంటిపేట డీఎన్ఏలో, ఆర్ఎన్ఏలో లెక్క అలా ఉండదు, ఆ సంగతి చెప్పమంటున్నాను.

సైటోసిన్ విషయం తీసుకోండి. శరీర ఉష్ణోగ్రతలో ఒంటిపేట డీఎన్ఏలోని సైటోసిన్ తన అమైన్ గుంపును తనంతట తాను పోగొట్టుకుని యురాసిల్‌గా మారడానికి అర్ధాయువు సుమారు 200 ఏళ్ళు. రెండు పేటల డీఎన్ఏలోనైతే పదుల వేల ఏళ్ళు. అదే సైటోసిన్‌కు కాంతి ఒక నీటి అణువును తగిలిస్తే, ద్విబంధం పోయిన ఆ వలయం గంటల్లోనే అమైన్‌ను వదిలేయగలదు. అలా వదిలాక మిగిలేది యురాసిల్ హైడ్రేట్. అది వేడికి నీటిని వదిలితే అచ్చమైన యురాసిల్. జన్యువులో సి ఉన్నచోట ఇప్పుడు యు ఉంది, తర్వాత కాపీ తీసేటప్పుడు అది టి అవుతుంది. నీటి అణువు వచ్చింది, తన పని చేసింది, వెళ్ళిపోయింది. వచ్చినట్టు ఆనవాలే మిగల్లేదు, ఉత్పరివర్తనం మాత్రం మిగిలింది. తనకు తానుగా అయితే తరాలు పట్టే పనిని గంటల్లో ముగించే అణువు గురించి ఒక్క వాక్యం రాయడానికి మనకు చోటు లేకపోయింది.

1960ల మొదట్లో లారెన్స్ గ్రాస్‌మన్ పాలీయురిడిలిక్ ఆమ్లం (యురాసిల్ ఒక్కటే వరుసగా ఉన్న ఆర్ఎన్ఏ) మీద అతినీలలోహిత కాంతి పంపి చూశాడు. మామూలుగా దాన్ని చదివిన కణసారం ఫెనిలాలనిన్ గొలుసు అల్లుతుంది, జెనెటిక్ కోడ్‌లో మొదట విప్పిన మాట అదే. కాంతి తగిలిన ఆర్ఎన్ఏతో ఫెనిలాలనిన్ తగ్గి సెరిన్ చేరడం కనిపించింది. నీరు పట్టిన యురాసిల్‌ను యంత్రాంగం సైటోసిన్‌గా పొరబడుతోందన్నమాట. కోడ్ విప్పిన కథ చెప్పని పుస్తకం లేదు. ఆ కథకు పక్కనే ఉన్న ఈ మలుపు మాత్రం ఏ పుస్తకానికీ పట్టలేదు.

1970 ప్రాంతంలో పీటర్ సెరుట్టి బృందం ఇంకా పట్టుదలగా వెళ్ళింది. ఆమ్లంలో ఉడికించే పద్ధతిని పక్కనబెట్టి, ట్రిటియం ఉన్న సోడియం బోరోహైడ్రైడ్‌తో ఫోటోహైడ్రేట్‌ను ఉన్నచోటనే గుర్తుపట్టే మార్గం వాడారు. ఆర్17 అనే ఆర్ఎన్ఏ బాక్టీరియోఫేజ్ మీద కాంతి పంపి లెక్కలు తేల్చారు. ఆ వైరస్‌కు ప్రాణాంతకమైనవి యురిడిన్ ఫోటోహైడ్రేట్లు, డైమర్లు కావు అన్నది వాళ్ళు ప్రకటించిన ఫలితం. ఒక వైరస్ మీద చేసిన పని అది, అన్ని ఆర్ఎన్ఏ వైరస్‌లకూ అదే లెక్క అనలేం. కానీ థైమిన్ డైమర్ ఒక్కటే సమస్త క్రిముల చావుకూ కారణమన్న మాట అప్పుడే, ఆ ఒక్క ఫలితంతోనే నిలబడకుండా పోయింది. యాభై ఏళ్ళు దాటాక కూడా మనం ఆ మాటే బోర్డు మీద రాస్తున్నాం.

కణానికి మాత్రం దీని సంగతి బాగా తెలుసు. ఇ.కోలై బాక్టీరియాలో ఎండోన్యూక్లియేజ్ III అనే ఎంజైమ్ డీఎన్ఏ నుంచి సైటోసిన్ వంటి పిరిమిడిన్ల హైడ్రేట్లను వెతికి కత్తిరించి పారేస్తుందనీ, క్షీరదాల కణాల్లోనూ ఆ పని చేసే ఎంజైమ్ ఉందనీ 1989లో బూర్‌స్టీన్, టీబోర్, కాడె, కనింగ్‌హామ్ బృందం చూపించింది. ఆ ఎంజైమ్ ఆక్సీకరణకు గురైన క్షారాలనూ తొలగిస్తుంది, కాబట్టి ఒక్క హైడ్రేట్ల కోసమే పుట్టిందని చెప్పడం సరికాదు. కానీ దీన్ని దెబ్బగా గుర్తించి తొలగించే ఏర్పాటు కణం చేసుకుంది. 2015లో డీఎన్ఏ మరమ్మతుకు రసాయన నోబెల్ వచ్చినప్పుడు మన పత్రికలు డైమర్ల బొమ్మలు వేశాయి. ఆ బహుమతి అందుకున్నవారిలో అజీజ్ సాంకార్ పని డైమర్ల మీదే, అది న్యాయమే. కానీ టోమస్ లిండాల్ పరిశోధనలో ముఖ్యభాగం సైటోసిన్ యురాసిల్‌గా మారడం గురించే. కాంతి ఆ మార్పును ఎంత వేగంగా చేయించగలదో చెప్పే చోటు ఆ వ్యాసాల్లో ఉంది. ఎవరూ ఆ వాక్యం రాయలేదు.

నన్ను అన్నిటికంటే కదిలించేది జీవం పుట్టుక కథలో దీనికున్న చోటు. 2009లో పౌనర్, జెర్లాండ్, జాన్ సదర్లాండ్ ‘నేచర్’లో ప్రచురించిన పని గుర్తుండే ఉంటుంది. ప్రాథమిక భూమి మీద ఉండి ఉండగల చిన్న చిన్న అణువుల నుంచి ఆర్ఎన్ఏ ముక్కలు ఎలా ఏర్పడగలవో వాళ్ళు చూపించారు. వాళ్ళకు ముందుగా దొరికింది సైటోసిన్ ఉన్న సైటిడిన్ రూపం. మరి ఆర్ఎన్ఏకు కావలసిన యురిడిన్ ఎక్కణ్ణుంచి వచ్చింది? అతినీలలోహిత కాంతి నుంచి. ఓజోన్ పొర లేని ఆ రోజుల్లో నేల మీద దండిగా పడే కాంతి అది. ఆ కాంతి అక్కర్లేని చాలా అణువులను ధ్వంసం చేస్తూనే, సైటిడిన్‌లో కొంత భాగాన్ని యురిడిన్‌గా మార్చగలదని వాళ్ళ ప్రయోగం చూపింది. దానికి దారి ఇదే: కాంతితో నీరు చేరడం, అమైన్ ఊడిపోవడం, వేడికి నీరు వెళ్ళిపోవడం. మనం విధ్వంసమని పక్కన పెట్టిన చర్యే జీవపు అక్షరాల్లో ఒకదాన్ని రాసి ఉండవచ్చని చెప్పే ఆధారం కళ్ళముందు ఉంది. ఏ పుస్తకం వాడినా ‘యు’ అన్న అక్షరం లేకుండా ఆర్ఎన్ఏ పాఠం సాగదు, ఆ అక్షరం ఎలా పుట్టి ఉండవచ్చో చెప్పే చర్యకు మాత్రం అర పేజీ ఇవ్వం.

నేను ఈ మాట ఒక పాఠ్యప్రణాళిక సమావేశంలో ఎత్తాను. బయోకెమిస్ట్రీ యూనిట్‌లో డైమర్ల పక్కన ఒక పేరా, ప్రాక్టికల్స్‌లో ఒక ప్రయోగం, అంతే అడిగాను. ఎదుట కూర్చున్న పెద్దమనిషి కాగితం కూడా తిరగేయకుండా, “ఇది పోటీ పరీక్షల్లో రాదు కదండీ” అన్నారు. అక్కడితో ఆ చర్చ ముగిసింది. పరీక్షలో రాదు కాబట్టి పుస్తకంలో ఉండదు, పుస్తకంలో లేదు కాబట్టి పరీక్షలో రాదు. ఈ వలయాన్ని ఎవరో ఒకరు తెంచాలి. తెలుగు మాధ్యమంలో చదివి సొంతంగా ఇంగ్లీషు పరిశోధన పత్రాలు తిరగేసే అవకాశం లేని పిల్లలకు ఈ అన్యాయం రెండింతలు. మేం చెప్పకపోతే ఫోటోహైడ్రేట్ అనే మాట వాళ్ళ జీవితంలో వినబడదు.

అందుకే బహిరంగంగా అడుగుతున్నాను. తెలుగులో కర్బన రసాయనం, జీవ రసాయనం పుస్తకాలు రాసే మిత్రులారా, ఆరోమాటిసిటీ అధ్యాయంలో బెంజీన్‌కు నీరు చేరిన సంగతి ఒక పెట్టెలో ఇవ్వండి. న్యూక్లిక్ ఆమ్లాల అధ్యాయంలో యురాసిల్, దాని హైడ్రేట్ బొమ్మలు రెండూ పక్కపక్కన గీసి, మధ్య బాణం మీద కాంతి అనీ, కింద వేడి అనీ రాయండి. డిగ్రీ కాలేజీల కెమిస్ట్రీ విభాగాధిపతులారా, మీ దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటే కావలసిందల్లా రెండు క్వార్ట్జ్ క్యువెట్లు, ఒక పాదరస దీపం, చిటికెడు యురిడిన్. వచ్చే ఏడాది కొనుగోళ్ళ జాబితాలో వీటిని రాయండి. జూన్‌లో తరగతులు మొదలయ్యేసరికి ప్రయోగం విధానం, పట్టికలు, జాగ్రత్తలు అన్నీ తెలుగులో రాసి అడిగిన వాళ్ళందరికీ ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.